హెల్లెబోర్‌కు నేల ఎంపిక: సున్నం కన్నా ముందు చూడాల్సింది గాలి

చెట్లన్నీ ఆకు రాల్చి మోడులుగా నిలబడే డిసెంబరు, జనవరి నెలల్లో, ఒక్కోసారి మంచు పొరను తోసుకుని మరీ పూసే మొక్క హెల్లెబోర్. ఇది యూరప్ తోటల్లో చలికాలపు పువ్వు. తెల్లగా పూసే జాతిని అక్కడ క్రిస్మస్ రోజ్ అంటారు. ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాల్లో ఊదా, గులాబీ, లేత ఆకుపచ్చ రంగుల్లో పూసేది లెంటెన్ రోజ్. పేరులో గులాబీ ఉన్నా గులాబీతో దీనికి చుట్టరికం లేదు. కలోంజీ అని పిలిచే మన నల్లజీలకర్రది, దీనిది ఒకే కుటుంబం.

హెల్లెబోర్ విత్తనం నుంచి పువ్వు చూడాలంటే దాదాపు మూడేళ్లు పడుతుంది. ఒకసారి కుదురుకుంటే ఇరవై ఏళ్లకు పైగా ఒకేచోట ఉంటుంది. మధ్యలో పెకిలించి మరోచోట నాటితే మాత్రం అలుగుతుంది, రెండేళ్లు పూత మానేస్తుంది. కాబట్టి తోటమాలి తీసుకునే అసలు నిర్ణయం ఏ రంగు కొనాలన్నది కాదు, ఏ నేలలో పెట్టాలన్నది. నేల కుదరకపోతే ఈ మొక్క ఎండాకాలంలో వాడిపోయి ముందే హెచ్చరించదు. సరిగ్గా పూయాల్సిన చలికాలంలోనే మొదలు కుళ్లి చనిపోతుంది.

దీని పేర్లలోనే వేరు సంగతి ఉంది. క్రిస్మస్ రోజ్ శాస్త్రీయ నామం హెల్లెబోరస్ నైగర్. నైగర్ అంటే నలుపు. తెల్లని పువ్వుకు ఆ పేరు రావడానికి కారణం నల్లని వేళ్లు. చైనాలో పెరిగే జాతిని అక్కడివాళ్లు ‘ఇనప చాప్‌స్టిక్స్’ అన్న అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. అది కూడా నల్లగా, పుల్లల్లా గట్టిగా ఉండే ఈ వేళ్లను చూసి పెట్టిందే. గడ్డి వేళ్లలా పైపైన వల అల్లుకునే రకం కాదు. భూమిలో ఉండే పొట్టి కాండం నుంచి తాళ్లలా లావుగా బయల్దేరి జానెడు దాటి ఇంకా లోతుకు దిగుతాయి. అందుకే పైమట్టి ఎంత బాగున్నా కింద ఏముందో చూడకుండా నాటడం ప్రమాదం.

ఈ నల్లని వేరు తెలుగువారి పుస్తకాల్లోకి కూడా వచ్చింది, కానీ పొరపాటున. పంతొమ్మిదో శతాబ్దపు నిఘంటువుల్లో కటుకరోహిణికి ‘నల్ల హెల్లెబోర్’ అని అర్థం ఇచ్చారు. ఆయుర్వేదంలో వాడే కటుకరోహిణి హిమాలయాల ఎత్తుల్లో పెరిగే వేరే మొక్క. దాని శాస్త్రీయ నామం పిక్రోరైజా కుర్రోవా, కుటుంబం కూడా వేరు. హిమాలయాల్లో హెల్లెబోర్ సహజంగా పెరగదు. ఇది భాషకు సంబంధించిన తప్పే అయినా తేలిగ్గా తీసుకోకూడదు. హెల్లెబోర్ మొక్కలో ప్రతి భాగమూ విషమే. దాని రసం తగిలితే చర్మం మండుతుంది. నాటేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోవాలని చెప్పేది అందుకే.

పుట్టిన నేల ఎలా ఉంటుంది?

హెల్లెబోర్‌లో సుమారు ఇరవై జాతులున్నాయి. ఎక్కువ జాతులు బాల్కన్ ప్రాంతంలో, అంటే స్లొవేనియా, క్రొయేషియా, బోస్నియా వంటి దేశాల కొండల్లో ఉన్నాయి. క్రిస్మస్ రోజ్‌ది ఆల్ప్స్ పర్వతాల తూర్పు భాగం. లెంటెన్ రోజ్‌కు మూలమైన హెల్లెబోరస్ ఓరియెంటాలిస్ గ్రీసు ఈశాన్యం నుంచి ఉత్తర టర్కీ మీదుగా కాకసస్ వరకు పెరుగుతుంది. అక్కడి నుంచి వేల కిలోమీటర్ల దూరంలో, చైనా కొండల్లో, ఒక్క జాతి ఒంటరిగా మిగిలింది.

ఆల్ప్స్, బాల్కన్ కొండల్లో చాలా చోట్ల అడుగున ఉన్నది సున్నపురాయి. స్లొవేనియాలోని క్రాస్ అనే ప్రాంతం పేరు మీదే సున్నపురాయి కరిగి ఏర్పడే భూస్వరూపాలను ప్రపంచమంతా ‘కార్స్ట్’ అంటోంది. నంద్యాల జిల్లాలోని బెలుం గుహలనో, అరకు దారిలోని బొర్రా గుహలనో చూసినవారికి ఈ రాయి తీరు అర్థమవుతుంది. వాన నీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొద్దిగా ఆమ్లంగా మారి రాతిని పగుళ్ల వెంట కరిగిస్తూ లోపలికి పోతుంది. ఎంత వాన పడినా పైన చెరువు కట్టదు.

ఆ పగుళ్ల రాతి మీద పలుచటి మట్టి పొర ఉంటుంది. సున్నం కరిగిపోగా మిగిలిన మట్టిలో తరచు బంకమన్ను పాలు ఎక్కువగానే ఉంటుంది. దాని మీద బీచ్ వంటి చెట్లు ఏటా రాల్చే ఆకులు మాగి, నల్లగా మెత్తబడి పరచుకుంటాయి. నేల ఎక్కువగా ఏటవాలు. వేసవిలో చెట్ల నీడ, చెట్ల వేళ్లు తేమను పీల్చేయడం వల్ల కొంత పొడి. శీతాకాలంలో ఆకులు లేని కొమ్మల మధ్య నుంచి వెలుతురు, సమృద్ధిగా తడి. అయితే ఆ తడి నిలిచేది కాదు, ఎప్పటికప్పుడు కిందికి జారిపోయేది.

సున్నం చేసేది రెండు పనులు

పుట్టిన చోటు సున్నపురాయి కాబట్టి హెల్లెబోర్‌కు సున్నం తప్పనిసరి అనే మాట తోటపని పుస్తకాల్లో పదేపదే కనిపిస్తుంది. చాలామంది నేల పరీక్ష కూడా చేయించకుండా గుప్పెళ్ల కొద్దీ సున్నం చల్లేస్తారు. ఈ సలహాలో సగమే నిజం.

సున్నం మట్టి ఆమ్లత్వాన్ని తగ్గిస్తుందన్నది అందరికీ తెలిసిన పని. ఉదజని సూచికలో 7 తటస్థం, అంతకన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. క్రిస్మస్ రోజ్ తటస్థం లేదా కొద్దిపాటి క్షారగుణం ఉన్న మట్టిని ఇష్టపడుతుంది, నిజమే. తోటల్లో ఎక్కువగా కనిపించే లెంటెన్ రోజ్ సంకరాలు మాత్రం 6 నుంచి 7.5 వరకు పెద్దగా పట్టించుకోవు.

రెండో పని ఆమ్లత్వంతో సంబంధం లేనిది, హెల్లెబోర్‌కు ఎక్కువ ముఖ్యమైనది. బంకమన్ను రేణువులు 0.002 మిల్లీమీటరు కన్నా చిన్నవి, రేకుల్లా ఉంటాయి, వాటి మీద రుణ విద్యుదావేశం ఉంటుంది. సున్నంలోని కాల్షియం అయానుకు రెండు ధనావేశాలు. అది పక్కపక్క రేకులను దగ్గరకు లాగి చిన్నచిన్న గుళికలుగా కట్టిపడేస్తుంది. గుళికల మధ్య ఖాళీలు ఏర్పడతాయి. వాటిలోంచి నీరు దిగిపోతుంది, గాలి వచ్చి చేరుతుంది. కాల్షియం స్థానంలో సోడియం చేరితే దీనికి పూర్తిగా వ్యతిరేకం జరుగుతుంది. రేకులు విడిపోయి, సందులు పూడుకుపోయి, మట్టి ముద్దలా బిగుసుకుంటుంది. కారుచౌడు నేలకు రైతులు జిప్సం వేసేది ఆ సోడియాన్ని కాల్షియంతో తరిమేయడానికే.

అంటే సున్నపు కొండల మీద హెల్లెబోర్‌కు దొరుకుతున్నది కేవలం సున్నం కాదు. గుళికలు కట్టిన మట్టి, కింద పగుళ్లిచ్చిన రాయి, పైన గుల్లగా ఉండే ఆకుల పొర. ఈ మూడూ కలిసి వేరు చుట్టూ గాలి ఆడేలా చేస్తున్నాయి.

వేరుకు గాలి ఎందుకు?

వేళ్లు కూడా శ్వాసిస్తాయి. మంచి తోట మట్టిలో ఇంచుమించు సగం ఖనిజ పదార్థం, కొంచెం సేంద్రియ పదార్థం, మిగతా సగం ఖాళీ. ఆ ఖాళీలో సగం నీరు, సగం గాలి ఉంటే వేరుకు సుఖం. వాన తర్వాత పెద్ద సందుల్లోని నీరు భూమ్యాకర్షణ వల్ల దిగిపోయి, వాటిలోకి గాలి వస్తుంది. సన్నని సందుల్లో నీరు నిలిచి మొక్కకు అందుతుంది. రైతులు ‘పదును’ అనే స్థితి దాదాపు ఇదే.

పెద్ద సందులే లేని మట్టిలో అన్నీ నీటితో నిండిపోతాయి. ఆక్సిజన్ గాలిలో వ్యాపించే వేగంతో పోలిస్తే నీటిలో వ్యాపించే వేగం సుమారు పది వేల వంతు తక్కువ. మట్టిలో అప్పటికే ఉన్న ఆక్సిజన్‌ను వేళ్లు, సూక్ష్మజీవులు కలిసి వాడేస్తాయి, కొత్తది వచ్చి చేరదు. వేరు కొసలు చావడం మొదలవుతుంది. అదే సమయంలో ఫైటాఫ్తోరా, పిథియం వంటి శిలీంధ్రాన్ని పోలిన జీవులకు పండగ. వాటి సిద్ధబీజాలు నీటి పొరలో ఈదుకుంటూ వచ్చి బలహీనపడ్డ వేళ్లను పట్టుకుంటాయి. వేరుకుళ్లు, మొదలుకుళ్లు అలా వస్తాయి.

చాలా మొక్కలు శీతాకాలంలో నిద్రావస్థలో ఉంటాయి కాబట్టి తడి నేలను కొంతకాలం భరిస్తాయి. హెల్లెబోర్ తీరు వేరు. దాని కొత్త వేళ్లు ఎక్కువగా శరదృతువు నుంచి శీతాకాలంలోకి పెరుగుతాయి, మొగ్గలు అప్పుడే లేస్తాయి. ఉత్తర దేశాల్లో నేల అత్యంత తడిగా ఉండేది కూడా అప్పుడే. ఎండ తక్కువ, ఆవిరయ్యేది తక్కువ, చెట్లు నీరు పీల్చవు. మొక్కకు ఊపిరి ఎక్కువ కావాల్సిన రోజులు, మట్టిలో ఊపిరాడని రోజులు ఒకటే కావడం అసలు చిక్కు.

నల్లరేగడి ఒకవైపు, ఎర్రమట్టి ఒకవైపు

సున్నం ముఖ్యమా, గాలి ముఖ్యమా అన్నది తేల్చుకోవడానికి అమెరికాలోని రెండు నేలలను పోల్చి చూడవచ్చు. రెండు చోట్లా తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి, ఇంటి చుట్టూ తోట వేసుకునేవారూ తక్కువేం కాదు.

మొదటిది టెక్సాస్‌లోని డాలస్ పరిసరాలు. అక్కడ చాలా మేర ఉన్నది నల్లని బంకనేల. ఆ రాష్ట్రానికి ప్రతినిధిగా చెప్పుకునే మట్టి పేరే ‘హ్యూస్టన్ బ్లాక్’. నేల శాస్త్రవేత్తలు దాన్ని వెర్టిసాల్ తరగతిలో చేర్చారు. దక్కను పీఠభూమి మీది నల్లరేగడి కూడా అదే తరగతి. ఆదిలాబాద్ పత్తి చేనును ఎరిగినవారికి ఆ మట్టి గుణం చెప్పక్కర్లేదు. ఎండితే నోరు తెరుస్తుంది, తడిస్తే ఉబ్బి ఆ నోరు మూసుకుంటుంది. దానిలోని స్మెక్టైట్ ఖనిజం రేకుల మధ్యకు నీటిని పీల్చుకుని ఉబ్బడం దీనికి కారణం. హ్యూస్టన్ బ్లాక్‌లో సున్నం పుష్కలం, క్షారగుణం ఉంది. కాగితం మీద చూస్తే హెల్లెబోర్‌కు ఇంతకన్నా తగిన మట్టి లేదు. కానీ చలికాలపు వానలకు ఉబ్బి సందులన్నీ మూసుకుపోతే, ఆ సున్నం దాన్ని కాపాడలేదు.

రెండోది నార్త్ కరోలినా, జార్జియా రాష్ట్రాల్లోని పీడ్‌మాంట్ ప్రాంతం. అట్లాంటా, షార్లట్, రాలీ నగరాలు ఇక్కడివే. ఇది ఎర్రటి బంకమట్టి, ఆమ్ల స్వభావం ఉన్నది. పుస్తకం ప్రకారం హెల్లెబోర్‌కు పనికిరాదు. అయినా లెంటెన్ రోజ్ సంకరాలు అక్కడి తోటల్లో చెట్ల కింద హాయిగా పెరుగుతాయి, రాలిన గింజలు వాటంతట అవే మొలుస్తాయి. ఈ మట్టిలో ప్రధానమైన బంక ఖనిజం కేయొలినైట్. అది దాదాపు ఉబ్బదు. ఇనుము ఆక్సైడ్లు రేణువులను గుళికలుగా పట్టి ఉంచుతాయి. నేల ఎత్తుపల్లాలుగా ఉండడం వల్ల నీరు జారిపోతుంది, పైన ఆకుల పొర ఉంటుంది. అంటే సున్నం లేకపోయినా గాలి ఉంది. అవసరమైతే ఆ ఆమ్లత్వాన్ని కొద్దిపాటి సున్నంతో సరిచేసుకోవచ్చు. డాలస్ మట్టికి గాలిని అలా సంచిలో కొని తెచ్చి కలపలేం.

ఒక మినహాయింపు చెప్పుకోవాలి. కొత్తగా కట్టిన కాలనీల్లో బుల్‌డోజర్లు తిరిగి పైమట్టి పోయి, కిందిమట్టి నొక్కుకుపోయి ఉంటుంది. అలాంటి చోట జిల్లా మట్టి పటం ఏం చెప్పినా ఇంటి పెరట్లో వేరే కథ ఉండవచ్చు.

గొయ్యి తీసి చూడటమే పరీక్ష

నీరు ఇంకే తీరు తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. నాటదలచిన చోట అడుగు లోతు, అడుగు వెడల్పు గొయ్యి తీసి నీటితో నింపాలి. మొదటి నీరు ఇంకాక మళ్లీ నింపి, గంట గంటకు ఎంత దిగిందో కర్రతో కొలవాలి. గంటకు రెండు, మూడు సెంటీమీటర్లయినా దిగితే ఫర్వాలేదు. మరునాటికి కూడా నీరు నిలిచి ఉంటే ఆ చోటు హెల్లెబోర్‌కు కాదు.

ఈ పరీక్షను వేసవిలో చేయడం పెద్ద పొరపాటు, ముఖ్యంగా రేగడి లాంటి నేలల్లో. ఎండిన పగుళ్లు బిందెల కొద్దీ నీటిని మింగేస్తాయి, నేల అద్భుతంగా ఉందనిపిస్తుంది. వానాకాలమో, చలికాలమో, నేల తడిసి ఉబ్బి ఉన్నప్పుడు చేస్తేనే అది చెప్పేది నిజం.

గొయ్యి తీసినప్పుడే మట్టి రంగు, వాసన కూడా గమనించాలి. బూడిద రంగు, నీలి ఛాయ, వాటి మధ్య తుప్పు మచ్చలు కనిపిస్తే అక్కడ ఏటా చాలా కాలం నీరు నిలుస్తున్నట్టు. ఆక్సిజన్ లేనప్పుడు ఇనుము రూపం మారడం వల్ల ఆ రంగు వస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఇక ఆలోచించనక్కర్లేదు.

బంకనేలను బాగుచేయబోయి చెడగొట్టడం

బంకనేల అనగానే చాలామందికి తోచే ఉపాయం ఇసుక కలపడం. ఇది దాదాపు ఎప్పుడూ వికటిస్తుంది. ఇసుక రేణువుల మధ్య ఖాళీలను బంకమన్ను నింపేస్తుంది, ఎండాక ఇటుకలా గట్టిపడుతుంది. ఇసుక రేణువులు ఒకదానికొకటి తగిలేంతగా, అంటే మట్టిలో సగానికి మించి కలిపితే గాని ఫలితం ఉండదు. ఏ పెరట్లోనైనా అది అయ్యే పని కాదు.

రెండో ఉపాయం గొయ్యి తీసి బంకమట్టి తీసేసి మెత్తటి కంపోస్టు నింపడం. చూడటానికి బాగుంటుంది. కానీ చుట్టూ బంకనేల, మధ్యలో గుల్ల మట్టి ఉంటే చుట్టుపక్కల నీరంతా ఆ గోతిలోకే వచ్చి చేరుతుంది, బయటికి పోయే దారి ఉండదు. మొక్కను కుడితి తొట్టిలో పెట్టినట్టే.

పనికొచ్చేది నేల పైకి కట్టుకోవడం. అడుగు ఎత్తున మడి వేసి, స్థానిక మట్టిలోనే మాగిన ఆకు ఎరువు, కంపోస్టు విస్తారంగా కలిపితే వేరు ఉండే చోటు నీటి మట్టానికి పైన ఉంటుంది. ఏటవాలు స్థలం ఉంటే అదే సగం మడి. మడి కిందిమట్టిని కూడా గడ్డపారతో కదిలించాలి, అయితే తడిగా ఉన్నప్పుడు కాదు. తడి బంకమట్టిని తొక్కినా తవ్వినా ఉన్న గుళికలు కూడా నలిగిపోతాయి.

ఆకు ఎరువు విషయంలో ఓపిక కావాలి. ఆకులను ప్రధానంగా శిలీంధ్రాలు నెమ్మదిగా కుళ్లబెడతాయి. చల్లని దేశాల్లో అవి పొడిపొడిగా, అడవి వాసనతో తయారవడానికి ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది. అందులో పోషకాలు పశువుల ఎరువులో ఉన్నంత ఉండవు. దాని విలువ వేరే చోట ఉంది. అది వానపాములను పిలుస్తుంది. వానపాముల బొరియలే మట్టిలో పెద్ద సందులు. ఏటా రెండు, మూడు అంగుళాల మందాన పరచాలి, కానీ మొక్క మొదలుకు తగలనివ్వకూడదు. మొదలును కప్పేస్తే, లేదా నాటేటప్పుడే లోతుగా పాతేస్తే, కష్టపడి తెచ్చిన గాలి అంతా వృథా. కుండీలో ఎంత లోతులో ఉందో నేలలోనూ అంతే లోతు చాలు.

కుండీలో మరో భౌతికశాస్త్రం

క్రిస్మస్ నాటికి దుకాణాల్లో పూలతో సహా అమ్మే హెల్లెబోర్లు కుండీల్లో వస్తాయి. కుండీ అడుగున పెంకులు, రాళ్లు వేస్తే నీరు బాగా పోతుందన్న నమ్మకం మన ఊళ్లలోనూ ఉంది, ఇంగ్లండులోనూ ఉంది. జరిగేది తిరకాసు. సన్నని సందుల మట్టి నుంచి పెద్ద సందుల రాళ్లలోకి నీరు సులువుగా దిగదు. పైమట్టి పూర్తిగా నానాకే బొట్టు జారుతుంది. కుండీ అడుగున ఉండాల్సిన నానిన పొర రాళ్ల మీదికి, అంటే వేళ్లకు ఇంకా దగ్గరగా జరుగుతుంది. ఆ నానిన పొర మందం మట్టి మిశ్రమాన్ని బట్టి ఉంటుంది, కుండీ ఎత్తును బట్టి కాదు. కాబట్టి లోతైన కుండీ, అడుగున రంధ్రాలు, మొదటి నుంచి చివరి వరకు ఒకే రకం గరుకు మిశ్రమం. హెల్లెబోర్ పొడుగు వేళ్లకు సరిపోయేది అదే.

ఆ మిశ్రమంలో ఒకప్పుడు పీట్ వాడేవారు. బురద నేలల్లో వేల ఏళ్లుగా పేరుకున్న ఆ పదార్థాన్ని తవ్వితే కార్బన్ గాలిలో కలుస్తోందని ఇప్పుడు చాలామంది మానుకుంటున్నారు. బదులుగా వాడుతున్న వాటిలో కొబ్బరి పొట్టు ఒకటి. అందులో పెద్ద భాగం దక్షిణ భారతం నుంచి, శ్రీలంక నుంచి వెళ్తుంది. తీరప్రాంతపు పొట్టులో సోడియం, పొటాషియం లవణాలు ఎక్కువగా ఉంటాయి కాబట్టి బాగా కడిగి, కాల్షియం ద్రావణంలో నానబెట్టి పంపుతారు. రైతు కారుచౌడుకు జిప్సం వేసి చేసే పనే ఇది, కాకపోతే పొలంలో కాక తొట్టెలో.

అన్ని జాతులకూ ఒకే కొలత కాదు

కోర్సికా, సార్డీనియా దీవుల్లో పెరిగే హెల్లెబోరస్ ఆర్గ్యుటిఫోలియస్ ఎండనూ, రాళ్ల నేలనూ తట్టుకుంటుంది. బ్రిటన్ సుద్దరాతి కొండల అడవుల్లో సహజంగా ఉండే హెల్లెబోరస్ ఫీటిడస్ పలుచటి పొడి మట్టిలోనూ సర్దుకుంటుంది. అన్నిటికన్నా పట్టింపు ఎక్కువ క్రిస్మస్ రోజ్‌కే. మొదటిసారి పెంచేవారు దాన్ని కాక లెంటెన్ రోజ్ సంకరాలను ఎంచుకుంటే నేల చేసే చిన్న తప్పులను అవి మన్నిస్తాయి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వీటిని పెంచవచ్చా అంటే అక్కడ అడ్డు నేల కాదు, చలి. గరప నేలలో ఆకు ఎరువు కలిపి హెల్లెబోర్‌కు నచ్చే మట్టిని హైదరాబాదులోనైనా తయారు చేయవచ్చు. కానీ దీని విత్తనం మొలవాలంటే వెచ్చని తేమలో కొన్ని వారాలు, తర్వాత నాలుగైదు డిగ్రీల చలిలో మరికొన్ని వారాలు గడపాలి. పెద్ద మొక్కకూ పూతకు ఏటా అలాంటి చలికాలం కావాలి, వేసవి మరీ మండకూడదు. ఫ్రిజ్‌లో పెట్టి గింజను మొలిపించవచ్చేమో గాని, ఏప్రిల్ నెలను దాటించడం కష్టం.